"జరగండి" 38 సార్లు: ఒక కథను దిద్దిన కేసు

రెండేళ్ల కిందట నా దగ్గరికి ఒక కథ ఎడిటింగుకు వచ్చింది. చేతిరాతలో 14 పేజీలు. అందులో "జరగండి" అనే మాట 38 చోట్ల ఉంది. జంటగా వచ్చినా, "జరగండమ్మా" అని వచ్చినా ఒక చోటుగానే లెక్క. పుస్తకం అచ్చుకు వెళ్లేసరికి 26 మిగిలాయి. మధ్యలో ఒకసారి 9కి పడిపోయింది, మళ్లీ 38కి వచ్చింది, ఆ తర్వాత నేనే చేతులారా 23 చేసి కథ ప్రాణం తీయబోయాను. ఆ అంకె ఎందుకలా ఎక్కి దిగిందో రాసుకున్న కాగితాలు ఇంకా నా దగ్గర ఉన్నాయి. ఒకే మాటను పట్టుకుని తిరిగే కథలు రాసేవాళ్లకూ, వాటిని దిద్దాల్సి వచ్చి తల పట్టుకునేవాళ్లకూ పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. రచయిత్రి రాసుకోమన్నారు, పేరు మాత్రం వద్దన్నారు.

నేను తిరుపతిలో 19 ఏళ్లుగా తెలుగు ప్రూఫులు చూస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా స్తోత్రాలు, క్షేత్ర మాహాత్మ్యాలు, యూనివర్సిటీ థీసిస్‌లు, రిటైరైన అయ్యవార్ల జీవిత కథలు. ప్రయోగాత్మకం అనదగ్గ కథ ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. ఈ కేసులో నేను మొదట చేసిన తప్పులన్నీ ఆ అలవాటు నుంచి వచ్చినవే.

38

కథ ఒక రాత్రిలో అయిపోతుంది. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఒక కంపార్టుమెంటు. పలమనేరు పక్క పల్లె నుంచి వచ్చిన అవ్వ, పదిహేడేళ్ల మనవరాలు. పక్కనే చిన్న పాపతో ఒక తమిళ కుటుంబం. అవ్వ కొడుకు, అంటే ఈ పిల్ల నాన్న, ఆరేళ్ల కిందట ఇల్లు వదిలిపోయాడు. ఎందుకు పోయాడో పిల్లకు తెలీదు. రాత్రంతా వాళ్లు కూర్చుంటారు, లేస్తారు, నాలుగడుగులు వేస్తారు, మళ్లీ కూర్చుంటారు. తెల్లవారుజామున గర్భగుడి దగ్గరికి వస్తుండగా అవ్వ ఒక మాట చెబుతుంది. అంతే.

"జరుగు" అనే క్రియ చేత మనం ఎంత చాకిరీ చేయిస్తున్నామో గమనించం. రవ్వంత పక్కకు జరుగు అంటే కదలమని. పెళ్లి జరిగింది అంటే అయిందని. ఆ ఇంట్లో జరుగుబాటు లేదంటే పూట గడవడం లేదని. ఈ చలికాలం జరిగిపోతే చాలు అంటే కాలం గురించి. కొండ మీద ఈ మాటకు ఇంకో హోదా ఉంది. గంటలు గంటలు కాచుకుని స్వామి ముందుకు చేరిన ఆ రెండు క్షణాల్లో చెవిన పడేది ఇదే. తెలుగు ముక్క రాని తమిళ భక్తులకు కూడా తెలిసిన తెలుగు మాట.

ఈ రచయిత్రి పట్టుకున్నది ఒక చిన్న విషయం. క్యూ కదలకపోతే "జరగలేదు" అంటాం. సంఘటన లేకపోయినా "జరగలేదు" అంటాం. ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగ సాహిత్యం మీద ఉన్న పాత ఫిర్యాదే అది: ఇందులో ఏమీ జరగదు అని. 1953లో పారిస్‌లో తొలిసారి ఆడిన, ఐరిష్ రచయిత బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' గురించి వివియన్ మెర్సియర్ అనే విమర్శకుడు ఇందులో ఏమీ జరగదు, అదీ రెండుసార్లు అన్నాడు. నాటకానికి రెండు అంకాలు మరి. తెలుగులో త్రిపుర కథ 'భగవంతం కోసం' చదివినవాళ్లకు కూడా ఈ ఎదురుచూపు కొత్త కాదు. కానీ వాళ్లెవరికీ దొరకని సౌకర్యం ఈవిడకు తిరుపతి క్యూలో దొరికింది. ఏమీ జరగని కథ, అందరూ జరుగుతూనే ఉండే కథ, ఒకటే క్రియతో.

9

చేతిరాత ప్రతిని నేను చదవకుండానే డీటీపీకి ఇచ్చాను. ఇది మొదటి తప్పు. మేం పుస్తకాలు కట్టించే చోట టైపు చేసే అమ్మాయి చురుకైనది, పదిహేనేళ్ల అనుభవం. రచయితలు మర్చిపోయి ఒకే వాక్యం రెండుసార్లు రాస్తే తనే చూసి తీసేస్తుంది, దానికి నేనెన్నోసార్లు మెచ్చుకున్నాను కూడా. ప్రూఫు చేతికిస్తూ చెప్పింది, "సార్, ఆ మేడమ్ ఒకే మాట పదేపదే రాసేసినారు. చూసుకోలేదేమో. నేనే తీసేసినా. రెండు పేజీలు కలిసొచ్చింది."

నేను చదివిన మొదటి ప్రతి ఆ 9 ఉన్నదే. నాకు నచ్చింది కూడా. తీరైన కథ, చివర్లో కళ్లు చెమరుస్తాయి, ఏ ఆదివారం అనుబంధమైనా వేసుకుంటుంది. రెండు అచ్చుతప్పులు సవరించి రచయిత్రిని రమ్మన్నాను. ఆమె ప్రూఫు తిప్పి చూసి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "సార్, నా లైన్లో మనుషులు తగ్గిపోయినారు."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇద్దరం కూర్చుని చేతిరాత చూసి 38నీ తిరిగి ఎక్కించాం. టైపు చేసిన అమ్మాయికి కొంచెం చిన్నతనమైంది. తన తప్పేం లేదని చెప్పాను. నిజంగానే లేదు. పునరుక్తి దోషమని మనందరికీ బళ్లోనే నేర్పారు కదా.

23

ఇప్పుడు నా వంతు. 38 ఉన్న ప్రతిని చదివితే నాలుగో పేజీకి చిరాకేసింది. చిరాకు వేయాలనే రాశారా, లేక అదుపు తప్పిందా అన్నది తేల్చుకోకుండా, చేయి అలవాటున పోయింది. 15 చోట్ల "జరగండి"ని మార్చాను. ఒకచోట కదలండి, ఒకచోట ముందుకు నడవండి, ఇంకోచోట పదండి పదండి, తోసుకోకండి. అర్థం చెడలేదు, వాక్యం బాగుంది, వైవిధ్యం వచ్చింది. ఏం పోయిందో చూపించాలంటే ఆ ముక్క ఇక్కడ పెట్టాలి. ఆమె రాసింది ఇది:

"గేటు తెరిచినారు. జరగండి జరగండి అన్నారు. అందరూ లేచినారు. నాలుగడుగులు. గేటు మూసినారు.
అవ్వ కండ్లు తెరిచి, ఏం జరిగింది మే, అనింది.
ఏమీ జరగలేదవ్వా.
నువ్వు జరిగితివి కదా.
జరిగినాను. ఏమీ జరగలేదు."

నేను దిద్దింది ఇది:

"గేటు తెరిచినారు. పదండి, ముందుకు నడవండి అన్నారు. అందరూ లేచినారు. నాలుగడుగులు. గేటు మూసినారు.
అవ్వ కండ్లు తెరిచి, ఏమైంది మే, అనింది.
ఏం కాలేదవ్వా.
నువ్వు లేచి నడిచితివి కదా.
నడిచినాను. ఏం కాలేదు."

రెండోదాంట్లో ఒక్క తప్పు లేదు. ప్రాణం కూడా లేదు. మొదటిదాంట్లో పిల్ల చివరి మాట నవ్వు తెప్పిస్తుంది, ఆ వెంటనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. శ్లేష అంతా ఆ ఒక్క క్రియ మీద నిలబడి ఉంది. నేను దాని కాలు తీసేశాను.

కానీ ఇది నాకు నా అంతట నాకు తట్టలేదు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, శ్రీవారి సేవకు నాలుగైదుసార్లు వెళ్లొచ్చినాయన. కథలో కంపార్టుమెంటు వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో అడుగుదామని సాయంత్రం వాళ్ల అరుగు మీద చదివి వినిపించాను. వివరాల జోలికి ఆయన పోనేలేదు. "పదండి అని ఎవురూ అనరు సార్," అన్నారు. "జరగండి అనే అంటాం. కానీ ఒక్కతీరుగా అనం. పొద్దున డ్యూటీకి వచ్చినప్పుడు జరగండమ్మా జరగండి అంటాం, మర్యాదగా. మధ్యాహ్నానికి జరగండి జరగండి. రాత్రికి నోరు ఎండిపోయి రగండి రగండి అనే వస్తాది. ముసిలోళ్లు వచ్చి దేవుణ్ణి చూస్తా నిలబడిపోతే అనబుద్ధి కాదు. అయినా అనాల. అప్పుడు నెమ్మదిగా, జరుగు తల్లీ అంటాం."

ఆయన ఒక్కో జరగండినీ ఒక్కో గొంతుతో అని చూపించారు. నేను ప్రూఫు కాగితాలు మడిచి ఇంటికొచ్చేశాను.

అమెరికన్ రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్ ఒక ఉపన్యాసంలో చెప్పింది నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది. 1930ల్లో అమెరికాలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఒకటి, పేరే చిత్రణ, పునరుక్తి అని. మనిషి ఒకే మాట మళ్లీ చెబుతున్నాడంటే అది పునరుక్తి కాదు, నొక్కి చెప్పడం, ఆ నొక్కు ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు అంటుందామె. కప్ప గెంతినట్టు అని పోలిక చెప్పింది: కప్ప ఏ రెండు గెంతులూ సరిగ్గా ఒకే దూరం గెంతదు. 900 పేజీలు దాటిన 'ద మేకింగ్ ఆఫ్ అమెరికన్స్' రాసిన మనిషి కాబట్టి ఆ మాట అనే హక్కు ఆమెకుంది. ఆ నవలను నేను చివరిదాకా చదవలేకపోయాను, అది వేరే సంగతి.

స్టైన్ పేరు చెప్పగానే అందరూ ఆమె గులాబీ వాక్యం చెబుతారు. 1913లో రాసిన ఒక కవితలో గులాబీ ఒక గులాబీ ఒక గులాబీ అంటూ సాగే పాదం. దాన్ని పిచ్చిగా కొట్టిపారేసేవాళ్లు తెలుగువాళ్లలో ఉండడం నాకు వింతగా ఉంటుంది. "కమలాక్షు నర్చించు కరములు కరములు" అని పోతనను కంఠతా పట్టిన జాతి మనది. అక్కడ రెండో "కరములు" మొదటిదాని అర్థమే ఇస్తుంది, కానీ చేతులంటే అవీ చేతులు అనే తాత్పర్యం తెస్తుంది. మాట మారదు, అర్థం మారదు, తాత్పర్యం మారుతుంది. మన ఆలంకారికులు దీనికి లాటానుప్రాస అని పేరు పెట్టి, ఊరుకున్నారు. స్టైన్ తన వాక్యం గురించి వేసుకున్న గొప్ప కూడా దగ్గర దగ్గర ఇదే: వందేళ్లుగా ఇంగ్లిషు కవిత్వంలో రంగు వెలిసిపోయిన గులాబీ ఆ పాదంలో మళ్లీ ఎర్రబడిందని.

అసలు మన వ్యాకరణమే ఈ విషయం ముందే పట్టుకుంది. ఒక మాటను రెండుసార్లు అంటే రెండోదాన్ని ఆమ్రేడితం అంటారు. చివర చివర కలిస్తే చిట్టచివర అవుతుంది. నడుమ నడుమ కలిస్తే నట్టనడుమ. పగలు పగలు కలిస్తే పట్టపగలు. చిన్నయసూరి సూత్రం చదువుకున్నప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాం కానీ, వింత చూడండి: రెండోసారి అనడం వల్ల మొదటి మాట రూపమే మారిపోయింది. వెనకొచ్చినది ముందున్నదాన్ని మార్చింది. ఒక కథలో పునరుక్తి చేయాల్సిన పని సరిగ్గా ఇదే.

గడులు

మర్నాడు పొద్దున ఒక పొడుగు కాగితం తీసుకుని ఐదు నిలువు గీతలు గీశాను. ఎన్నోది, ఎవరు అన్నారు, ఎవరికి వినిపించింది, ఏ అర్థంలో, పోయినసారికీ ఇప్పటికీ మధ్య ఏం మారింది. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ "జరగండి" తీసేయాలి. నింపగలిగితే ఉంచాలి. ఇంతకుమించి నా దగ్గర సిద్ధాంతం లేదు.

ఆ కాగితంలో 11వ వరుస మీకు చూపిస్తాను. ఎవరు: గేటు దగ్గరి సేవకుడు. ఎవరికి: అందరికీ, కానీ అవ్వ ఒక్కతే లేవలేదు. అర్థం: కదలమని. ఏం మారింది: 10వ దానికీ 11వ దానికీ నడుమ అవ్వ ఇంటి జరుగుబాటు గురించి చెప్పింది, కొడుకు పోయాక రెండేళ్లు పాలు పోసి జరుపుకొచ్చానని. అంటే పాఠకుడి చెవిలో ఇప్పుడు ఇంకో అర్థం చేరింది. సేవకుడికి ఆ సంగతి తెలీదు, ఆయన అన్నది పాత అర్థంలోనే. పాఠకుడికి మాత్రం బతకమంటున్నట్టు వినిపిస్తుంది. "జరగండి" అనే అక్షరాల్ని నేను ముట్టుకోలేదు. వాటి ముందున్న నాలుగు వాక్యాల్లో ఒకటి తీసేశాను, ఎందుకంటే రచయిత్రి అక్కడ "జరుగుబాటు" అని రెండుసార్లు వాడి గుట్టు విప్పేశారు.

పని మొత్తం ఇలాగే సాగింది. తిరిగొచ్చే వాక్యాన్ని దిద్దడం కాదు, దాని రెండు రాకల మధ్య ఉన్న ఎడాన్ని దిద్దడం. 8కీ 9కీ మధ్య రెండు పేజీలు ఉండేవి, వాటిని ఒకటి చేశాం. 20కీ 21కీ మధ్య మూడు లైన్లే ఉండేవి, అక్కడ తమిళ పాప నిద్ర లేచి ఆడుకునే ముక్కను తెచ్చి పెట్టాం.

శ్లేష అనగానే మనకు రాఘవపాండవీయం గుర్తొస్తుంది. పింగళి సూరన ఒకే పద్యంలో రామాయణం, భారతం రెండూ నడిపాడు. ఇక్కడ జరిగేది వేరు. సూరన పద్యంలో రెండు అర్థాలూ మొదటి నుంచీ పక్కపక్కనే నడుస్తాయి. ఈ కథలో మొదటి జరగండిలో శ్లేష లేదు, రెండోదాంట్లోనూ లేదు. కదలమనే మాట, అంతే. తిరిగి తిరిగి రావడం వల్ల దానికి అర్థాలు అంటుకుంటాయి. పునరుక్తే శ్లేషను పుట్టిస్తోంది. మా డీటీపీ అమ్మాయి 29 తీసేసినప్పుడు పోయింది అదనపు మాటలు కాదు, శ్లేష మొత్తం. నేను పర్యాయపదాలు వేసినప్పుడు పోయిందీ అదే. పదక్రీడ అంటే ఐరిష్ రచయిత జాయిస్ తన నవల 'ఫినెగన్స్ వేక్'లో చేసినట్టు వంద అక్షరాల ఉరుము మాటలు పోత పోయడమే అనుకునేవాళ్లకు ఇది కనబడదు. ఇక్కడ రచయిత్రి ఒక్క కొత్త మాట పుట్టించలేదు.

దీనికి దగ్గరగా వచ్చేది నాకు తెలిసినంతలో ఫ్రెంచి రచయిత అలెన్ రోబ్-గ్రియే 1957 నవల 'లా జలూజీ'. అరటి తోటల మధ్య ఒక బంగళా, గోడ మీద ఒక జెర్రి, దాన్ని నలిపి చంపిన మరక. ఆ జెర్రిని చంపే దృశ్యం నవలలో మళ్లీ మళ్లీ వస్తుంది. చూస్తున్న భర్త ఎక్కడా "నేను" అనడు. జెర్రి తిరిగొచ్చిన ప్రతిసారీ వర్ణన రవ్వంత మారుతుంది, ఆ మార్పులోనే అతని కడుపుమంట తెలుస్తుంది. ఫ్రెంచిలో జలూజీ అంటే అసూయ, కిటికీకి వేసే పలకల తెర కూడా. అతను ఆ తెర సందుల్లోంచే చూస్తుంటాడు. ఇంగ్లిషులోకి పోయేసరికి పేరు 'జెలసీ' అయింది, కిటికీ పోయింది.

ఇదే కష్టం మాకూ ఎదురైంది. చిత్తూరులో ఒక మిత్రుడు ఇంగ్లిషులోకి అనువాదాలు చేస్తాడు. కదలడానికీ జరగడానికీ ఇంగ్లిషులో వెంటనే తట్టే ఒకే క్రియ లేదు. వారం తన్నుకులాడి "పాస్" అనే మాట పట్టుకున్నాడు, ముందుకు పోవడానికీ సంభవించడానికీ రెంటికీ అది నడుస్తుంది. సంబరంగా ఫోన్ చేశాడు. నేను అన్నాను, కొండ మీద పాస్ అంటే దర్శనం టికెట్టు కదప్పా అని. పెట్టేశాడు. ఆ అనువాదం ఇంకా కాలేదు.

చెవి పని కూడా కొంత ఉంది. జరగండి ఛందస్సులో సల గణం, ఐదు మాత్రలు. జంటగా అంటే ఖండగతిలో నడుస్తుంది, తాళం వేసినట్టు. జరుగు అంటే మూడే మాత్రలు, న గణం. జరగండమ్మా అంటే ఎనిమిది, నడక సాగుతుంది. కథలో గుంపు కదిలే చోట్ల జంట జరగండి, అవ్వ మీద చూపు పడ్డ చోట్ల జరగండమ్మా ఉండేలా సర్దాం. రచయిత్రి వీటిలో చాలావాటిని చెవితోనే సరిగ్గా పెట్టేశారు. నేను గురులఘువులు వేసి చూసి ఆశ్చర్యపోయాను తప్ప మార్చింది మూడు చోట్లే.

పోయిన 12

మొదటి పేజీలోనే ఐదు తీసేశాం. రాసే మనిషికి తొందర, పాఠకుడు పట్టుకోడేమోనని. మూడోసారికే పట్టుకుంటాడు. ఇంకో నాలుగింటికి నా చివరి గడి ఖాళీగా మిగిలింది. మిగతా మూడూ రచయిత్రి కన్నుగీటినవి, అంటే "జరగండి అనే మాటలో ఎంత ఉంది!" అని పిల్ల తనలో అనుకోవడం లాంటివి. వాటి గురించి మా ఇద్దరికీ వాదన కాలేదు. ఆమే సిగ్గుపడి కొట్టేశారు.

వాదన అయింది "గోవిందా" దగ్గర. కథలో రెండో శ్లేష అది. మన వైపు డబ్బు పోతే "గోవిందా" అంటాం కదా. అవ్వ పిల్లతో చెబుతోంది: "మీ నాయన కట్టిన చీటీ డబ్బులు..." సరిగ్గా అప్పుడు గేటు తెరుచుకుని కంపార్టుమెంటు మొత్తం "గోవిందా గోవింద!" అంటుంది. అవ్వ వాక్యాన్ని జనం పూర్తి చేశారు. మొదటిసారి చదివినప్పుడు నేను పైకే నవ్వాను. ఆమె దీన్ని మూడు చోట్ల వాడారు: చీటీ డబ్బులు, అమ్మిన ఆవు, పిల్ల చదువు. రెండోదానికి నవ్వు రాలేదు. మూడోదానికి చిరాకొచ్చింది. జరగండి 26 సార్లు వచ్చినా నిలబడి, గోవిందా మూడుసార్లకే ఎందుకు పడిపోయిందని ఆమె గట్టిగానే అడిగారు. నాకు తోచిన జవాబు: గోవిందా మొదటిసారే పూర్తిగా పేలిపోయింది, తర్వాత చెప్పడానికి దాంట్లో ఏమీ మిగల్లేదు. జరగండి మొదటిసారి అసలు పేలనే లేదు. అమెరికన్ రచయిత కర్ట్ వానెగట్ 1969 నవలలో ఎవరు చచ్చినా, ఏది చచ్చినా ఒక్కటే మూడు మాటల వాక్యం వస్తుంది, వందసార్లకు పైగా. దాన్ని తెలుగులో అలా జరుగుతుంటుంది అనొచ్చు. మొదటి రెండు మూడుసార్లు అది మామూలు మాట, తర్వాతే బరువెక్కుతుంది. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు కానీ చీటీ డబ్బుల దగ్గర ఒక్కటి ఉంచి మిగతా రెండూ తీసేశారు.

ఒక విషయంలో నేను ఓడిపోయాను, అది కూడా చెప్పాలి. బెకెట్ 'లెస్‌నెస్' అని చిన్న వచనం రాశాడు. 60 వాక్యాలు, ఒక్కోటి రెండుసార్లు, మొత్తం 120. వాక్యాల్ని చీటీల మీద రాసి, కలిపి, చేతికి అందిన వరుసలో పెట్టాడు. రచయిత్రికి ఆ పద్ధతి మీద మోజు. మన కథలో అవ్వ ఉంది, రాత్రి ఉంది, తెల్లవారడం ఉంది, లాటరీ తీస్తే ఎట్లా అని నేను కాదన్నాను. ఊరికే చూద్దామని మా హాల్లో నేల మీద 26 చీటీలు పరిచాం, ఫ్యాను ఆపేసి. చాలావరకు చెత్తగానే వచ్చింది. కానీ ఒకచోట మూడు జరగండిలు వెంటవెంటనే పడ్డాయి, మధ్యలో ఏ వాక్యమూ లేకుండా. నా గడుల లెక్కలో అది నిలవదు, రెండింటికి చివరి గడి ఖాళీ. చదివి చూస్తే ఒళ్లు జలదరించింది. అర్థం పూర్తిగా ఎగిరిపోయి శబ్దం మాత్రమే మిగిలింది, అర్ధరాత్రి నిలువునా నిద్రపోయే మనిషికి వినబడేట్టు. దాన్ని 9వ పేజీలో అలాగే ఉంచాం.

26

దిద్దిన కథను ముందుగా ఒక పత్రికకు పంపారు. ముద్రణ లోపాలు చాలా ఉన్నాయని, ఒకే మాట పలుచోట్ల రిపీట్ అయిందని, సరిచూసి పంపమని తిరిగొచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం, కొంచెం బాధగానే. చివరికి ఆమె సొంత ఖర్చుతో వేసుకున్న సంపుటిలో చేర్చారు.

అచ్చుకు ముందు తెలిసినవాళ్ల ఇంట్లో పదిమందిమి కూర్చుని చదివించుకున్నాం. ఒక పెద్దావిడకు ముగింపు నచ్చలేదు. దేవుడి ముందు అలాంటి మాట అనిపించడం అపచారమని అన్నారు. ముగింపు ఇలా ఉంటుంది. బంగారు వాకిలి దాటుతుండగా అవ్వ చెబుతుంది: "మీ నాయన అప్పులకు పోలేదు మే. ఆ పొద్దు వాకిట్లో అడ్డంగా నిలబడుకోనుంటే, నేనే అంటిని, జరుగు అని." తర్వాత సేవకుడి గొంతు, జరగండమ్మా. చివరి వాక్యం: "అవ్వ జరగలేదు." ఆ పెద్దావిడ అభ్యంతరం విన్నాక రచయిత్రి ముగింపు మార్చలేదు గానీ, దానికి ముందు అవ్వ స్వామిని నిష్ఠూరమాడే ఒక వాక్యం ఉండేది, దాన్ని తీసేశారు. నాకు ఆ వాక్యం లేకుండానే బాగుందనిపించింది. శ్రీవారి సేవ చేసొచ్చిన మా పెద్దాయన మాత్రం విని ఏమీ మాట్లాడలేదు, చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఆఖరి ప్రూఫు రోజు డీటీపీ నుంచి ఫోన్. "సార్, 26 ఉండాలంటిరి కదా. జరగండ అని కొట్టి వెతికినా. 25 చోట్లే వస్తా ఉంది. ఒకటి యాడనో పోయింది. నేను తీయలేదు సార్, ప్రామిస్."

నా పొడుగు కాగితం తీసి ఒక్కోటి సరిచూశాను. 21వది దొరకలేదు. పేజీ తెరిచి చూస్తే ఉంది, కానీ "జరుగండి" అని. అచ్చుతప్పు అనుకుని ఎర్ర ఇంకుతో చుట్టి, రచయిత్రికి ఫోన్ చేశాను.

"అది తమిళ పాప సార్," అన్నారు. "నిద్ర లేచి సేవకుల్ని వెక్కిరిస్తా ఉంటాది. తమిళోళ్లు జరుగండి అనే అంటారు."

ఎర్ర చుట్టు పక్కన, మార్జిన్‌లో, అలాగే ఉంచండి అని రాసి పంపించాను.